మైదానంలో మౌనం ఎవరి కోసం?

(సోలాపూర్‌లో జరిగిన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ఎజెండాలో బోనసు ఉంది, ప్రావిడెంట్ ఫండు ఉంది, ఈ.ఎస్.ఐ. కార్డుల గొడవ ఉంది. వాటి మీద మాట్లాడడానికి మీరంతా సిద్ధపడి వచ్చారని నాకు తెలుసు. కాని అధ్యక్షులవారి అనుమతితో ముందుగా ఒక చిన్న అంశం తీసుకుంటున్నాను. మన యువ కార్మికుల ఫుట్‌బాల్ పోటీల్లో, ఫైనల్ ఆటకు ముందు, పనిలో చనిపోయినవారికి శ్రద్ధాంజలి ఘటించాలా, వద్దా? ఇదీ ఆ అంశం. కార్యవర్గంలో దీని మీద రెండు గంటలు వాదన జరిగింది. ఓటుకు పెడితే చెరిసగం అయింది. అందుకే మీ ముందుకు తెచ్చాను.

చిన్న అంశం అన్నాను గాని నా మట్టుకు ఇది చిన్నది కాదు. ఎందుకో చెప్తాను.

పోయిన ఏడు జరిగింది

పోయిన ఏడు ఫైనల్ నాడు మీలో చాలామంది మైదానంలో ఉన్నారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. వచ్చాక హారాలు, శాలువాలు, కొబ్బరికాయ. మైకు నా చేతిలో ఉంది. అతిథులకు, చందాలిచ్చినవారికి, కప్పు ఇచ్చినవారికి, టెంటు వేసినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. దానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత, పనిలో మృతి చెందిన మన సోదరుల ఆత్మశాంతికి అందరూ లేచి మౌనం పాటించాలని కోరాను. అర నిమిషం కూడా కాలేదు. అవతల గోలు దగ్గర కుర్రాళ్లు బంతి తన్నుతూనే ఉన్నారు. చాయ్ బండి దగ్గర బేరం నడుస్తూనే ఉంది. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. కూర్చోండి అన్నాను. ఆట మొదలైంది.

ఆ జనంలో ఒక తల్లి ఉంది. ఆమె కొడుకు సైజింగు కార్ఖానాలో ఆవిరి పైపు పగిలి ఒళ్లు కాలి, పదకొండో రోజున ఆసుపత్రిలో కన్నుమూశాడు. అంతకు ముందు రెండేళ్లు మన పోటీల్లోనే గోల్‌కీపరుగా ఆడిన కుర్రవాడు. ఆట అయిపోయి జనం పోతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే మాట అన్నది.

"అన్నా, మీరందరు లేచి నిలబడ్డరు. ఎవరి కోసం నిలబడ్డరో నాకెట్ల ఎరుక? టెంటు వేసినోని పేరు పిలిస్తిరి. నా కొడుకు పేరు పిలువకపోతిరి."

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తప్పు మైకుది కాదు, అతిథిది కాదు, నాది. ఈ మాట అందరి ముందూ ఒప్పుకోవాలని కూడా ఈ అంశం ముందుకు తెచ్చాను.

రెండు వాదనలు

కార్యవర్గంలో మన కుర్రవాళ్లు చెప్పింది ఏమిటంటే, ఆట ఆటే, చావు చావే. వారమంతా సాంచాల చప్పుడులో చెవులు పోగొట్టుకుని, ఆదివారం ఒక్క పూట సంతోషంగా ఉందామని వస్తే అక్కడ కూడా చావు గురించేనా? సంతాప సభ వేరే పెట్టండి, వస్తాం అన్నారు. ఇంకొకాయన, ఇది తతంగమైపోయింది, ఎవరో ఒక నాయకుడు పోతే నిలబెట్టడం, ఇంకో నాయకుడు పోతే నిలబెట్టడం, ఇంక దానికి విలువేముంది అన్నాడు. ఈ రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. వాటిని నేను తీసిపారేయను.

రెండో పక్షం వాళ్లన్నది, మన చనిపోయినవాళ్ల కోసం మనం గుమిగూడే చోట గాకపోతే ఇంకెక్కడ నిలబడతాం అని. పదిమంది రాని సంతాప సభలు నేను చాలా చూశాను. కాబట్టి ఈ మాటలోనూ న్యాయం ఉంది.

ఈ తగాదా మనకు కొత్తగాని ఫుట్‌బాల్‌కు కొత్త కాదు. ఆ ఆటకు నియమాలు రాసిన ఇంగ్లండు దేశంలో ఇది ఏనాటి నుంచో నలుగుతోంది. నేను పదో తరగతి దాకా చదివి గిరణిలో చేరినవాణ్ణి. అయినా ఈ రెండు నెలలు మా అబ్బాయి సాయంతో కూర్చుని కొంత చదివాను. అందులో మనకు పనికొచ్చేది చెప్తాను.

ఆ ఆట గిరణి కార్మికుల ఆట

ముందు ఒక సంగతి. ఇంగ్లండులో 1850లో ఒక ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. బట్టల మిల్లుల్లో స్త్రీల చేత, పిల్లల చేత శనివారం మధ్యాహ్నం 2 గంటలు దాటాక పని చేయించరాదని ఆ చట్టం చెప్పింది. స్త్రీలూ పిల్లలూ లేకపోతే మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకూ ఆ పూట సెలవు వచ్చింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పది గంటల పని దినం కోసం మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి చేసిన ఆందోళన ఫలితం. శనివారం మధ్యాహ్నం ఖాళీ దొరికింది కాబట్టే ఆ ఊళ్లలో ఫుట్‌బాల్ పెరిగింది. శనివారం మూడు గంటలకు ఆట మొదలయ్యే ఆనవాయితీ వెనక మిల్లు భోంగా ఉంది.

1883లో బ్లాక్‌బర్న్ అనే నూలుమిల్లుల ఊరి నుంచి ఒలింపిక్ అనే జట్టు లండన్ వెళ్లి, గొప్ప ఇళ్ల పిల్లలు చదివే ఈటన్ పాఠశాల పూర్వ విద్యార్థుల జట్టును 2-1 గోల్స్‌తో ఓడించి ఎఫ్.ఏ. కప్పు తెచ్చింది. ఆ జట్టులో నేతపనివాళ్లున్నారు, నూలు వడికేవాళ్లున్నారు. అందుచేత కార్మికుల సంగతులు మైదానంలోకి తేవద్దు అనే మాట ఫుట్‌బాల్ విషయంలో చెల్లదు. కార్మికుడు వారంలో తనదని చెప్పుకోగలిగిన ఒకే ఒక పూట, అందరూ ఒకచోట కలిసే ఒకే ఒక జాగా అది. సంతోషం అక్కడే పంచుకున్నారు. దుఃఖం కూడా సహజంగా అక్కడికే వచ్చింది.

బ్రాడ్‌ఫర్డ్ మంటలు

బ్రాడ్‌ఫర్డ్ అని ఇంకో ఊరు. ఉన్ని మిల్లుల ఊరు, మన సోలాపూర్‌కు చుట్టం లాంటిది. 1985 మే 11న ఆ ఊరి జట్టు లింకన్ సిటీతో ఆడుతోంది. ఆ ఏడు వాళ్ల జట్టు మూడో డివిజన్‌లో మొదటి స్థానం గెలిచింది. ఆ సంబరం చూడడానికి పిల్లాపాపలతో వచ్చారు. మొదటి సగం ముగియబోతుండగా కర్ర స్టాండు కింద నిప్పు కనిపించింది. నాలుగైదు నిమిషాల్లో స్టాండు మొత్తం అంటుకుంది. 56 మంది చనిపోయారు. వారిలో 54 మంది బ్రాడ్‌ఫర్డ్ వైపువాళ్లు, ఇద్దరు లింకన్ వైపువాళ్లు.

ఎందుకు అంటుకుందో వినండి. మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కూర్చునే పలకల సందుల్లోంచి కాగితాలు, చెత్త ఏళ్ల తరబడి కింద పడి పేరుకుపోయింది. 1968 నాటి పత్రిక ముక్క కూడా ఆ చెత్తలో దొరికింది. అంటే పదిహేడేళ్లు ఎవరూ ఊడ్చలేదు. ఒక్క సిగరెట్టు పీక పడితే చాలు ప్రమాదమని ముందటి ఏడే కౌంటీ అధికారులు క్లబ్బుకు ఉత్తరం రాశారు. వెనక వైపు గేట్లు చాలావరకు మూసి ఉన్నాయి. ముందుకు, మైదానంలోకి దూకినవాళ్లు ఎక్కువమంది బతికారు. వెనక గేట్ల వైపు పరుగెత్తినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోయారు. సాంచాల కింద దూది నుసి, పక్కన తెగిన వైరు, మూసిన తలుపు, దాని ముందు బేళ్లు. ఈ బొమ్మ మనం చూడనిది కాదు.

2025 మే నెలలో మన అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవళ్ల కార్ఖానా తెల్లవారుజామున అంటుకుని 8 మంది పోయారు. యజమాని కుటుంబం వాళ్లూ ఉన్నారు, కార్మిక కుటుంబం వాళ్లూ ఉన్నారు. నిప్పు ముందు మాలికు, మజూరు అని తేడా లేకపోయింది. ఆ వారం మన పేటల్లో పొయ్యి వెలిగించాలంటే చేతులు రాలేదు.

బ్రాడ్‌ఫర్డ్ వాళ్లు ఏటా మే 11న ఊరి నడుమ ఉన్న చౌకులో కలిసి ఆ 56 మందినీ తలుచుకుంటారు. ఆట మైదానంలోనూ మౌనం పాటిస్తారు. లింకన్ జట్టు తన మైదానంలో ఒక స్టాండుకు ఆ ఇద్దరి ఇంటిపేర్లే పెట్టింది. కాని అక్కడితో ఆగలేదు. విచారణ జరిగింది. 1987లో కోర్టు తప్పును మూడు వంతులు చేసి రెండు వంతులు క్లబ్బుది, ఒక వంతు కౌంటీ కౌన్సిలుది అని తేల్చింది. అదే ఏడు క్రీడాస్థలాల్లో అగ్ని భద్రతకు కొత్త చట్టం వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కాలిన గాయాల మీద పరిశోధనా విభాగం పెట్టారు. శ్రద్ధాంజలి అంటే ఇదంతా కలిపి.

మౌనం కాదు, కేక

ఇంకొక ఉదాహరణ. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల ఆట. బయట తొక్కిసలాట తగ్గించడానికి పోలీసులు ఒక గేటు తెరిపించారు. లోపల అప్పటికే కిక్కిరిసిన ఇనుపకంచెల గదుల్లోకి జనం వెళ్లకుండా దారి మళ్లించలేదు. 96 మంది లివర్‌పూల్ అభిమానులు ఊపిరాడక చనిపోయారు. ఆనాటి గాయాల వల్ల 2021లో ఇంకొకరు పోయారు. మొత్తం 97 మంది. పోలీసులేమో తాగి వచ్చిన అభిమానులే గేటు బద్దలు కొట్టారని కథ కట్టారు. ఒక పెద్ద పత్రిక అభిమానుల మీద అబద్ధాలను మొదటి పేజీలో అచ్చేసింది.

లివర్‌పూల్ వాళ్లు ఏటా తమ మైదానంలో సంతాప సభ జరుపుకున్నారు. 2009లో ఇరవయ్యో వర్ధంతి నాడు ప్రభుత్వం తరఫున ఒక మంత్రి వచ్చి మాట్లాడుతుంటే, స్టాండులోని జనం మధ్యలో అందుకుని, ఆ 96 మందికి న్యాయం కావాలని ఒక్క గొంతుతో అరిచారు. మంత్రి ప్రసంగం ఆగిపోయింది. ఆ కేక తర్వాతనే పాత కాగితాలన్నీ బయట పెట్టడానికి స్వతంత్ర సంఘం ఏర్పడింది. 164 మంది పోలీసుల వాంగ్మూలాలను దిద్దారని 2012లో ఆ సంఘం బయటపెట్టింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ అవి చట్టవిరుద్ధమైన మరణాలనీ, అభిమానుల తప్పు లేదనీ తీర్పు చెప్పింది. 27 ఏళ్లు పట్టింది. ఆ చావులకు ఒక్క పోలీసు అధికారికి కూడా శిక్ష పడలేదు, అదీ నిజమే. కాని చనిపోయినవాళ్ల మీద వేసిన మచ్చ తుడిచిపెట్టుకుపోయింది.

ఆ జనం ఏటేటా మైదానంలో కలవకపోయి ఉంటే, ఒక్కొక్క తల్లి తన ఇంట్లో తాను ఏడ్చి ఊరుకుంటే, ఆ కేక ఎక్కడి నుంచి వచ్చేది? చావు చావే, ఆట ఆటే అన్న మన తమ్ముళ్లకు నా జవాబు ఇది.

మన దేశంలోనూ ఉంది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలో గొడవ చెలరేగి తొక్కిసలాటలో 16 మంది అభిమానులు పోయారు. అక్కడివాళ్లు ఆ రోజును ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పెట్టుకుని రక్తదానం చేస్తారు. ఒకరి ప్రాణం పోయిన రోజున ఇంకొకరి ప్రాణానికి ఆసరా. ఇది కూడా శ్రద్ధాంజలే.

పైనుంచి వచ్చిన మౌనం

ఇక రెండో వైపు. ప్రతి మౌనమూ ఇలాంటిది కాదు.

ఇంగ్లండులో ఏటా నవంబరులో యుద్ధాల్లో చనిపోయిన సైనికుల గుర్తుగా ఎర్ర గసగసాల పువ్వు బొమ్మను ఆటగాళ్ల చొక్కాల మీద కుట్టిస్తారు. జేమ్స్ మెక్లీన్ అనే ఆటగాడు 2012 నుంచి ఆ చొక్కా వేసుకోలేదు. అతని ఊరు ఉత్తర ఐర్లండులోని డెరీ. 1972 జనవరి 30న ఆ ఊళ్లో బ్రిటిష్ సైనికులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే 13 మంది అక్కడికక్కడే చనిపోయారు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల కోసం మాత్రమే అయితే పెట్టుకునేవాణ్ణి, కాని ఆ పువ్వు తరువాతి సైనికులకు కూడా చెందుతుంది, మా ఊరివాళ్ల ముందు నేనెలా పెట్టుకోను అని అతను 2014లో తన క్లబ్బు యజమానికి ఉత్తరం రాశాడు. ఏళ్ల తరబడి స్టాండుల్లోంచి బూతులు తిన్నాడు, బెదిరింపులు వచ్చాయి. చనిపోయినవాళ్ల పట్ల గౌరవం పేరు మీద బతికున్నవాణ్ణి అలా హింసించడం ఏ గౌరవం? బలవంతం చేసిన శ్రద్ధాంజలి హాజరుపట్టీ అవుతుంది.

2022 సెప్టెంబరు 8న బ్రిటన్ రాణి పోయింది. ఆ శని, ఆదివారాలు ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటలన్నీ ఆపేశారు, చిన్నపిల్లల ఆటలతో సహా. అదే శనివారం లండన్‌లో క్రికెట్ టెస్టు ఆడారు. పిల్లలు బంతి ఆడుకుంటే రాణికి అవమానమా అని అక్కడివాళ్లే అడిగారు.

నేను చూసిన రెండు చావులు

అంత దూరం ఎందుకు? 1988లో నేను బదిలీగా చేరిన గిరణి ఇప్పుడు లేదు, దాని పేరు నేను చెప్పను. కార్డింగు ఖాతాలో నా ముందరి వరుసలో పనిచేసే మనిషిని పట్టా లాక్కుంది. దుప్పట్లో చుట్టి తీసుకుపోయారు. అరగంటలో నేల కడిగి జాబరు ఇంకో బదిలీని అక్కడ నిలబెట్టాడు. యంత్రం నడిచింది. ఆ పాళీలో ఎవరం నోరెత్తలేదు. నేను కూడా ఎత్తలేదు.

అదే ఏడు యజమాని ఇంట్లో పెద్దాయన పోయాడు. భోంగా మోగింది. ఖాతాలన్నీ ఆగిపోయాయి. ఎండలో అంగణంలో పటం పెట్టి, దండ వేసి, మమ్మల్నందర్నీ వరుసగా నిలబెట్టారు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాసుకున్నారు. ఆ పూట పగారు కోశారు. ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు, అందరూ పోవలసినవాళ్లమే. కాని ఆ రోజు అంగణంలో నిలబడి నేను ఆలోచించింది ఆయన గురించి కాదు. ఒకరి కోసం యంత్రం ఆగుతుంది, ఒకరి కోసం ఆగదు. ఆ లెక్క నా బుర్రలోంచి ముప్పై ఏళ్లు దాటినా పోలేదు. యూనియన్‌లో చేరింది ఆ లెక్క మార్చడానికే.

అలాంటి నేను పోయిన ఏడు మైకు పట్టుకుని ఏం చేశాను? అతిథికి ఎనిమిది నిమిషాలు, మన కుర్రవాడికి అర నిమిషం, అదీ పేరు లేకుండా. ఆ గిరణి యజమాని చేసిన పనికీ నేను చేసిన పనికీ తేడా ఎంత?

మన ఊరినే చూడండి. 1930లో ఈ ఊరి గిరణి కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారు, బ్రిటిషువాళ్లు మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ షిందేలను ఎరవాడ జైలులో ఉరి తీశారు. చార్ హుతాత్మా చౌకు మీదుగా పోయే పిల్లవాడికి కూడా ఆ నలుగురి సంగతి తెలుసు. ఎందుకు తెలుసు? పేర్లు పిలిచారు కాబట్టి, ఎందుకు చంపారో చెప్పారు కాబట్టి.

నా ప్రతిపాదన

కనుక, సోదరులారా, మైదానంలో శ్రద్ధాంజలి ఉండాలా వద్దా అంటే, ఉండాలనే నేనంటాను. కాని పోయిన ఏడు చేసినట్టయితే వద్దు. అలాంటిది చేయడం కంటే మానుకోవడమే మర్యాద. ఈ కింది విధంగా తీర్మానం చేయాలని కోరుతున్నాను.

ఒకటి. ఆ ఏడాదిలో పనిలో చనిపోయిన మన కార్మికులకు, ఆడినవాళ్లకు మాత్రమే ఇది జరగాలి. నాయకులకు వేరే సభలున్నాయి. పోయిన ఏడు పేరు పిలవని బాకీ కూడా ఈ ఏడు తీర్చాలి.

రెండు. ముందు కుటుంబాన్ని అడగాలి. వద్దంటే వద్దు. కొందరికి నలుగురిలో ఆ మాట వినడం రెండోసారి చావును చూడడం లాంటిది.

మూడు. పేరు పిలవాలి. ఏ పనిలో, ఏ కారణంగా పోయాడో ఒక్క వాక్యంలో చెప్పాలి. అది అతిథుల పేర్ల కంటే ముందు జరగాలి. ఆ తర్వాత ఒక నిమిషం, గడియారం చూసి, పూర్తిగా.

నాలుగు. ఎవరినీ బలవంతం చేయరాదు. నిలబడనివాణ్ణి వేలెత్తి చూపరాదు. మౌనం ముగిశాక ఆట జోరుగా ఆడాలి, ఈలలు వేయాలి, అరవాలి. నవ్వుతూ ఆడడం ఆ గోల్‌కీపరుకు అవమానం కాదు. వాడికి ఇష్టమైన పని అదే.

ఐదు. ఆ వారంలోగా కార్యవర్గం నలుగురు చొప్పున జట్లుగా బయలుదేరి మన సభ్యులు పనిచేసే ప్రతి షెడ్డుకూ పోవాలి. రాత్రి పాళీలో తలుపుకు బయట తాళం ఉందా, బయటికి దారి ఖాళీగా ఉందా, వైర్లు ఎలా ఉన్నాయి, ఆవిరి పైపులు ఎప్పుడు చూశారు, ఇవన్నీ రాసుకుని మాలికులకూ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకూ లిఖితపూర్వకంగా ఇవ్వాలి. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉత్తరం వచ్చినా క్లబ్బు పట్టించుకోలేదు. ఇక్కడ ఉత్తరం ఇచ్చి ఊరుకుంటే మనమూ అంతే. నెల తర్వాత మళ్లీ పోయి చూడాలి.

ఈ ఐదోది చేసే ఓపిక లేదంటారా, అయితే మొదటి నాలుగూ వద్దు. ఆ తల్లి ముందు మళ్లీ ఉత్తి చేతులతో నిలబడడం నా వల్ల కాదు.

ఆమె ఇవాళ సభకు వచ్చింది, వెనక వరుసలో కూర్చుంది. నేను రమ్మనలేదు, తనే వచ్చింది. కాబట్టి ఓటు వేసే ముందు ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే, ఆమె వింటుండగానే చెప్పండి. తప్పేమీ లేదు. చెప్పి, తర్వాత చేతులెత్తండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

(చర్చ తర్వాత తీర్మానం ఆమోదం పొందింది. ఇద్దరు సభ్యులు వ్యతిరేకించారు. ఆ ఇద్దరిలో ఒకరు షెడ్ల తనిఖీ జట్టులో తన పేరు రాయించుకున్నారు.)